బుల్లయ్య చేలో రెండు వాట్లు

యేసుపాదం దగ్గరున్న వైర్‌లెస్ పెట్టె బలం రెండు వాట్లు. సైకిలు డైనమో దీపం వెలగడానికి కూడా మూడు కావాలి. ఆ రెండు వాట్లతో అతను కొలంబోలో పళ్ళు పీకే డాక్టరు ఒకాయనతోనూ, బంగాళాఖాతం మీద పోతున్న ఓడలోని ఆపరేటరుతోనూ మాట్లాడాడు. ఇది నిజం. అదే రెండు వాట్లతో బుల్లయ్య చేలోని తెల్లదోమనంతా చంపాడు. ఇది అబద్ధం. మార్టూరు చుట్టుపక్కల పెద్దమనుషులు మొదటిదాన్ని నమ్మలేదు. రెండోదాన్ని నమ్మారు.

యేసుపాదానిది మార్టూరుకి తూర్పున ఉన్న క్రైస్తవపాలెం. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పదిహేడేళ్ళు చేశాడు. అక్కణ్ణుంచి ఒక ఇనప్పెట్టె, చిన్న పెన్షను, డ్రైవింగు లైసెన్సు, ఒక అలవాటు తెచ్చుకున్నాడు. ఆ అలవాటు మోర్సు, అంటే టెలిగ్రాం భాష. చుక్కలూ గీతలూ వేళ్ళలో నిండిపోయి, చేయి ఎక్కడ ఆనితే అక్కడ టకటకలాడేది. గుళ్ళో ప్రసంగం సాగుతుంటే ముందు బల్ల మీద టకటక. అన్నానికి కూర్చుంటే కంచం మీద టకటక. పెళ్ళయిన ఆరు నెలలకి అతని భార్య ఎలీసమ్మ పులుసు బాగుంటే ఎలా మోగుతుందో, ఉప్పు ఎక్కువైతే ఎలా మోగుతుందో తెలుసుకుంది. నోటితో చెప్పమంటే మాత్రం రెండింటికీ "బాగుంది" అనేవాడు.

సైన్యం నుంచి వచ్చీ రాగానే అమెచ్యూర్ రేడియో లైసెన్సుకి అర్జీ పెట్టాడు. సరదా కోసం సొంత వైర్‌లెస్ పెట్టుకుని, తనలాంటి సరదా ఉన్న లోకంలోని మనుషులతో మాట్లాడుకోవచ్చని సర్కారు ఇచ్చే కాగితం అది. పరీక్ష నెగ్గాడు. తరవాత విచారణకి ఒక కానిస్టేబులు వచ్చాడు.

"ఎవరితో మాట్లాడతావ్?"

"ఎవరు పలికితే వాళ్ళతోనండి."

"ఏం మాట్లాడతావ్?"

"నీ టకటక నాకు ఎంత బాగా వినపడుతోందో నేను చెప్తాను. నా టకటక ఎంత బాగా వినపడుతోందో ఆయన చెప్తాడు."

"తరవాత?"

"తరవాత నమస్కారం పెట్టేసుకుంటామండి."

కానిస్టేబులు పుస్తకం తీశాడు. పిచ్చివాడు గానీ ప్రమాదం లేదు అని రాసుకుపోయాడని పాలెంలో చెప్పుకుంటారు. ఆ ఒక్క వాక్యమే పని చేసిందేమో, ఏడేళ్ళు తిరిగాక లైసెన్సు వచ్చింది. బండిలోంచి వాడుకోవడానికి విడిగా ఇంకో అనుమతి అడిగితే అదీ వచ్చింది, బండి నంబరుతో సహా. కాగితం మీద షరతులు చాలా ఉన్నాయి గానీ ముఖ్యమైనవి రెండు. దాంతో వ్యాపారం మాటలు మాట్లాడకూడదు. దాన్ని వాడి ఎవరి దగ్గరా ప్రతిఫలం పుచ్చుకోకూడదు. తప్పితే రద్దు. యేసుపాదం ఆ కాగితాన్ని బైబిల్లో పాత నిబంధనకీ కొత్త నిబంధనకీ మధ్య పెట్టుకున్నాడు.

ఇక బండి. అది అతనిది కాదు, మార్టూరులో పురుగుమందుల కొట్టు రామాంజనేయులిది. పైన రెండు లౌడుస్పీకర్లు కట్టిన మటాడోరు వ్యాను. "రైతు సోదరులారా, మీ పైరుకి మా గరుడాస్త్రం" అని ఊరూరా అరుస్తూ తిరగడం దాని పని. దాన్ని నడపడం యేసుపాదం పని. సాయంత్రం అరుపు అయిపోయాక ఒక అరగంట బండి ఆపి, బ్యాటరీకి తీగలు తగిలించి, వెదురుగడకి రాగితీగ చుట్టిన ఏరియల్ నిలబెట్టి, హాక్సా బ్లేడుతో చేసుకున్న మోర్సు మీట ముందు కూర్చునేవాడు. పగలంతా నాలుగు ఊళ్ళకి వినపడేలా అరిచినవాడికి, సాయంత్రం ఎవరికీ వినపడకుండా మాట్లాడుకోవడం హాయిగా ఉండేది.

దానికి అతను ఎంచుకున్న చోటు బుల్లయ్య చేను పక్కనున్న బండ్లబాట. మైలు దూరంలో కరెంటు స్తంభం లేదు కాబట్టి చెవిలో గీపెట్టదు. నల్లరేగడి తేమగా ఉంటుంది కాబట్టి తీగ చివర భూమిలో గుచ్చితే చక్కగా పని చేస్తుంది. ఇంతకు మించి ఆ చేనికీ అతనికీ చుట్టరికం లేదు.

బుల్లయ్యకి పాతిక ఎకరాలు, ఒక ట్రాక్టరు, ఎవరికీ ఏమీ పెట్టని చేయి ఉన్నాయి. యేసుపాదాన్ని "ఏరా" అనేవాడు. యేసుపాదం వయసులో పెద్ద, సైన్యంలో హవల్దారు. అయినా పాలెంవాడు కాబట్టి "ఏరా" చాలనుకునేవాడు. ఏదైనా పని మీద వాళ్ళింటికి పోతే పెరట్లో నిలబెట్టి మాట్లాడేవాడు.

ఎనభై ఆరులో పత్తికి తెల్లదోమ పట్టింది. ఆకు వెనక పిండి చల్లినట్టు చేరి రసం పీల్చేసేది. ఆకంతా జిగురు, జిగురు మీద మసి. రైతులు పదిసార్లు మందు కొట్టారు, పదిహేనుసార్లు కొట్టారు, రెండు మందులు కలిపి కొట్టారు. కొట్టిన కొద్దీ దోమ పెరిగింది. మందు సరిపోక పెరిగిందని ఇంకోసారి కొట్టారు. రామాంజనేయులు కొట్టు ముందు సినిమాహాలు దగ్గరలా జనం.

ఊళ్ళో పత్తంతా మసిబొగ్గులా ఉంటే, బండ్లబాట పక్కన బుల్లయ్య అయిదెకరాలు మాత్రం పచ్చగా, కాయ మీద కాయతో తెల్లగా విచ్చి నిలబడింది. గట్టున కంపెనీవాళ్ళు పాతిన బోర్డు ఉంది. ఇది గరుడాస్త్రం ప్రదర్శన క్షేత్రం అని. ఆ అయిదెకరాలకీ కంపెనీ తరఫున మందు డబ్బాలు రామాంజనేయులు ఊరికే ఇచ్చాడు, పదిమందీ చూసి కొంటారని.

పదిమందీ చూశారు. గట్టున నిలబడి కాయలు లెక్కపెట్టుకుని రంజాన్ టీకొట్టుకి పోయి కూర్చున్నారు. అక్కడ ఆలోచన మొదలైంది. ఆ ఊరి ఆలోచన గురించి చెప్పాలంటే, అది మొదలైతే మంచి బండిలాగే పోతుంది, ఎటు పోతోందన్నదే పట్టించుకోదు.

"అదే విత్తనం మేమూ వేశాం," అన్నాడు బాపయ్య. ఇతనివి బుల్లయ్య పక్క పొలాలే.

"అదే నేల," అన్నాడు ఇంకొకాయన.

"అదే మందు. బోర్డే పెట్టారుగా."

"అదే వాన."

"మరి వాడి చేనుకి ఉన్నదేంటి, మన చేనుకి లేనిదేంటి?"

రంజాన్ టీ వడపోస్తూ, ఏదో ఒకటి అనాలి కదా అని, "రోజూ సాయంత్రం యేసుపాదం వ్యాను అక్కడే ఆగుతుంది," అన్నాడు.

బాపయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"వైరు భూమిలో గుచ్చుతాడొరేయ్! నా కళ్ళతో చూశాను. భూమిలోకి కరెంటు పంపి టకటకా కొడతాడు!"

మర్నాటికల్లా యేసుపాదం పేరు చివర 'గారు' మొలిచింది. చదువు, సైన్యం, తెల్లజుట్టు ఇన్నేళ్ళలో చేయలేని పనిని తెల్లదోమ ఒక్క రాత్రిలో చేసింది.

"యేసుపాదం గారూ, మా చేను దగ్గర కూడా ఒక అరగంట కొడుదురూ."

"అది మనుషులతో మాట్లాడేదండీ. దోమలకేం కాదు. రెండు వాట్లండీ అది."

"చూశావా, ఎంత అణకువో," అనుకున్నారు.

అతను చెప్పిన కొద్దీ వాళ్ళకి నమ్మకం పెరిగింది. అడగ్గానే ఒప్పుకునేవాణ్ణి ఎవరు నమ్ముతారు? బండికి అడ్డంగా మంచాలు వేసుకుని కూర్చున్నారు. దారి ఇవ్వకపోతే పోయేదెలా? ఆగిన చోటే ఏరియల్ ఎత్తి, ఎలాగూ మాట్లాడాల్సిందే కదా అని, ఆ చేను పక్కనే కూర్చుని కొలంబో డాక్టరుని పిలిచేవాడు. అతను చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో డాక్టరు ఆ ఉదయం పీకిన జ్ఞానదంతం సంగతి చెప్పుకుపోతుంటే, గట్టున పదిమంది చేతులు కట్టుకుని నిలబడి దోమలు రాలడం చూసేవాళ్ళు. ఒకరిద్దరికి రాలుతూ కనపడ్డాయి కూడా. తగాదాలు వచ్చాయి. బాపయ్య చేలో అరగంట కొట్టి మా చేలో పావుగంటేనా అని ఒకడు. మా చేలో కొట్టేటప్పుడు మధ్యలో నవ్వాడు, మనసు పెట్టలేదు అని ఇంకొకడు.

వద్దంటున్నా బండి వెనక ఒక కోడి పడేసేవాళ్ళు. ఒకరు గుమ్మడికాయ, ఒకరు గోనెలో సగానికి ఎండుమిరపకాయలు. యేసుపాదం తిరిగి ఇవ్వబోతే ఇంకొకటి తెచ్చేవాళ్ళు, మొదటిది చాలలేదనుకుని. అతను వాటిని ముట్టుకోలేదు. వండుకోలేదు. కోళ్ళు బండిలోనే ఉండి, అతను మీట నొక్కుతుంటే శ్రద్ధగా వినేవి.

రామాంజనేయులికి ఈలోగా కొట్టు ముందు జనం పలచబడ్డారు. యేసుపాదాన్ని పిలిచాడు.

"నా బండి, నా బ్యాటరీ, నా డీజిలు. నా నోట్లో మట్టి కొడతావా?"

"నేనేం కొట్టలేదండీ. వాళ్ళకి మీరే చెప్పండి, అది మీ మందు వల్లేనని."

"చెప్పాను! మరి మేం కొట్టిన మందు మీ మందు కాదా అంటున్నారు. ఏం చెప్పను?"

పనిలోంచి తీసేద్దామంటే, మందుల కొట్టాయన అసూయతో తీసేశాడంటారు, వైర్‌లెస్ మీద నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. అందుకని రామాంజనేయులు తెలివిగా ఆలోచించి పైవాళ్ళకి అర్జీ పెట్టాడు. ఫలానా యేసుపాదం సర్కారు ఇచ్చిన వైర్‌లెస్‌ని సస్యరక్షణకి వాడి, కోళ్ళూ కాయగూరలూ వసూలు చేస్తున్నాడని. దేశంలో ఇలాంటి అర్జీ అంతకు ముందు ఎవరూ పెట్టి ఉండరు.

డిసెంబరు మొదట్లో మద్రాసు నుంచి వైర్‌లెస్ శాఖ ఆఫీసరు ఒకాయన జీపులో వచ్చాడు. నెల్లూరాయన, సన్నగా, కళ్ళజోడుతో, కడుపులో మంట ఉన్నవాడిలా ఉన్నాడు. ఎక్కడ కొడతావో అక్కడే చూపించమన్నాడు. సాయంత్రం నాలుగింటికి బుల్లయ్య చేను గట్టున ఊరంతా పోగైంది. అటు పక్క పత్తి ఏరుతున్న పాలెం ఆడవాళ్ళు కూడా ఏరుతున్న చోటే ఆగిపోయారు. వాళ్ళలో ఎలీసమ్మ ఉంది.

ఆఫీసరు ముందు లాగ్ పుస్తకం చూశాడు. ఏ రోజు, ఏ గంటకి, ఏ చోటు నుంచి, ఎవరితో, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. తరవాత మీటరు పెట్టి పెట్టె బలం కొలిచాడు.

"ఒకటి పాయింటు ఎనిమిది," అన్నాడు. "రెండు వాట్లు కూడా లేవు."

గట్టున గుసగుసలు లేచాయి. "మాకు రెండని చెప్పాడే!" అన్నాడు బాపయ్య, కొట్టువాడు కాటాలో మోసం చేసినట్టు.

"దీంతో దోమ చస్తుందని మీకు ఎవరు చెప్పారు?" అన్నాడు ఆఫీసరు. "ఇంత దానికే దోమ చస్తే, రేడియో స్టేషన్ల దగ్గర కాపురాలు చేసేవాళ్ళు ఒక్కరూ మిగలకూడదు."

ఎవరూ నవ్వలేదు. అది పెద్ద రేడియో కాబట్టి దోమని గురిపెట్టదని అందరికీ తెలుసు.

అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు బండిలో కోడి కూసింది.

ఆఫీసరు వెనక తలుపు తీయించాడు. మూడు కోళ్ళు, అయిదు గుమ్మడికాయలు, మిరపకాయల గోనె.

"ఇవేమిటి?"

యేసుపాదం నోరు తెరిచేలోగా బాపయ్య ముందుకొచ్చాడు. మేలు చేద్దామనే వచ్చాడు. ఆ ఊళ్ళో జరిగిన నష్టాలన్నీ మేలు చేద్దామని ముందుకొచ్చినవాళ్ళ వల్లే జరిగాయి.

"ఊరికే తీసుకోలేదు సార్ ఆయన! ఆ నల్లకోడి నేనే ఇచ్చా, మా చేలో అరగంట కొట్టినందుకు. న్యాయంగా కొట్టాడు సార్, నిమిషం తగ్గలేదు."

ఆఫీసరు కలం మూత తీశాడు. "చూడండి యేసుపాదం. సేవ చేసి ప్రతిఫలం పుచ్చుకున్నారని సాక్షే చెబుతున్నాడు. లైసెన్సు రద్దుకి రాయడం తప్ప నేను చేయగలిగింది లేదు."

"నేను అడగలేదండీ," అన్నాడు యేసుపాదం. వేళ్ళు ప్యాంటు మీద కొట్టుకుంటున్నాయి. ఆఫీసరు ఆ వేళ్ళ వంక చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆయనకి మోర్సు వచ్చు కదా. వేళ్ళు ఏమన్నాయో ఆయన ఎవరికీ చెప్పలేదు. కానీ కలం కాగితం మీద పెట్టకుండా ఇంకో ప్రశ్న అడిగాడు.

"సేవంటూ జరిగితేనే కదా ప్రతిఫలం. అసలు ఈ చేను ఎందుకు బాగుందో చెప్పగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"మా మందు సార్!" రామాంజనేయులు బోర్డు దగ్గరికి పరుగెత్తాడు. "చదవండి, మీరే చదవండి."

"అదే మందు మేం పదిహేనుసార్లు కొట్టాం," అని గట్టు మీంచి అరిచారు.

"బుల్లయ్య గారూ, మీరు చెప్పండి," అన్నాడు ఆఫీసరు.

బుల్లయ్య ఆకాశంలోకి చూశాడు. బోర్డు వంక చూశాడు. "అంతా దైవం దయండీ," అన్నాడు. ఆయన నోట దేవుడి పేరు విని ఊరు ఆశ్చర్యపోయింది.

అప్పుడు పత్తిసాళ్ళ మధ్యనుంచి ఎలీసమ్మ వచ్చింది. ఒడి నిండా పత్తి. దాన్ని గట్టున దించి ఆఫీసరు ముందు నిలబడింది.

"అయ్యా, ఈ చేలో ఒక్క చుక్క మందు పడలా."

"ఏయ్ ఎలీసమ్మా!" అన్నాడు బుల్లయ్య.

"మందు కొట్టిన చేలో ఏరితే పొద్దుగూకేసరికి చేతులు భగ్గుమంటాయయ్యా. కళ్ళు కారతాయి. చీరలు రెండు మాట్లు జాడించినా కంపు పోదు. ఈ చేలో మేం పత్తిచెట్ల నీడనే కూర్చుని సద్దికూడు తింటన్నాం. చేతులు చూడండి." తోటి ఆడవాళ్ళు కూడా వచ్చి చేతులు చాపారు. "ఈ బుల్లయ్య గారు మందు కొట్టలేదని మా అందరికీ తెలుసు. కూలి పోద్దని ఊరుకున్నాం. ఇప్పుడు మా ఆయన కాయితం పోతా ఉంటే ఇంకేం ఊరుకోను?"

ఆమె ఒక ఆకు కోసి వెనక్కి తిప్పి చూపించింది. నాలుగైదు దోమలున్నాయి. వాటి మధ్య ఒక చిన్న సాలీడు, ఎర్రటి చుక్కల పురుగు ఒకటి తీరిగ్గా భోజనం చేస్తున్నాయి.

"ఇయ్యి తింటన్నాయి దోమని. మీ చేలల్లో వీటిని ముందు చంపుకున్నారు. దోమ మాత్రం చావలా."

"రేపట్నుంచి నా చేలో అడుగు పెట్టావంటే ఊరుకోను!" అన్నాడు బుల్లయ్య. ఆ మాటతో సాక్ష్యం పూర్తయింది.

"మరి నేనిచ్చిన డబ్బాలేమయ్యాయి?" అన్నాడు రామాంజనేయులు, గొంతు పీలగా.

బుల్లయ్యకి బదులు రంజాన్ పలికాడు. "అద్దంకిలో సగం ధరకి అమ్మాడంటగా. మా బావమరిది రెండు కొన్నాడు."

ఆఫీసరు చాలాసేపు రాశాడు. దోమ నివారణకీ ఆ పరికరానికీ సంబంధం లేదు, కాబట్టి సేవ లేదు, కాబట్టి ప్రతిఫలమూ లేదు. బండిలో దొరికినవి ఇరుగుపొరుగు అభిమానంతో ఇచ్చినవిగా భావించడమైనది. సంతకం పెట్టి, లైసెన్సు కాగితం యేసుపాదం చేతికిచ్చి, "మీ మీట చప్పుడు శుభ్రంగా ఉంది," అని ఇంగ్లీషులో అని జీపెక్కాడు.

ఊరివాళ్ళు ఇళ్ళకి పోతూ నిజానిజాలు తేల్చుకున్నారు. మందు కొట్టకపోతే చేను బాగుంటుందని ఏ రైతు నమ్ముతాడు? పైగా అది చెప్పింది పత్తి ఏరే మనిషి. "ఏమీ లేనిదానికి మద్రాసు నుంచి జీపేసుకుని వస్తాడటరా ఆఫీసరు?" అన్నాడు బాపయ్య. "వైర్‌లెస్ రహస్యం సర్కారు దాచిపెట్టుకుంది. ఒకటి పాయింటు ఎనిమిది. ఆ లెక్క గుర్తు పెట్టుకో." ఆ మాట రామాంజనేయులి చెవినా పడింది. తరవాతి ఏడాది గరుడాస్త్రం డబ్బా మీద ఏరియల్ బొమ్మ వచ్చింది. బాగా అమ్ముడుపోయింది.

యేసుపాదం పని మాత్రం మర్నాడే పోయింది. లైసెన్సు ఉంది గానీ, ఇంటి దగ్గర కరెంటు తీగల రొదలో ఏమీ వినపడదు, కాగితం మీద రాసిన నంబరు బండి లేదు. వేరే బండికి మార్పించుకోవాలంటే ఆ బండి ఒకటంటూ ఉండాలి. అతను పెట్టె ముందేసుకుని ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. ఎలీసమ్మతో పత్తి ఏరే గుంపు నలభైమందీ పనికి పోలేదు. ఆమెని రావద్దంటే తమనీ అన్నట్టేనన్నారు.

మూడో రోజుకి తూర్పున మబ్బు పట్టింది. విచ్చిన పత్తి మీద వాన పడితే ఏమవుతుందో బుల్లయ్యకి చెప్పక్కర్లేదు. పక్క ఊళ్ళలో మనుషులు దొరకలేదు. నాలుగింటికి క్రైస్తవపాలెం వీధిలో ట్రాక్టరు ఆగింది. ఆయన ఆ వీధిలోకి రావడం అదే మొదలు.

"ఎలీసమ్మా! అయిందేదో అయింది, మనుషుల్ని తోలుకురా," అని ట్రాక్టరు మీంచే కేకేశాడు.

"దిగి లోపలికి రండి బుల్లయ్య గారూ. టీ పెట్టాను."

"టీ ఎందుకులే, మబ్బు చూశావా..."

"చూశాను. టీ చల్లారిపోద్ది."

ఆయన దిగాడు. లోపలికొచ్చాడు. మబ్బు ఇంకొంచెం నల్లబడ్డాక తాగాడు.

"ఇంకోటి ఉందండీ," అంది ఎలీసమ్మ. "రోజూ సాయంత్రం అరగంట మీ ట్రాక్టరు మా ఆయనకి కావాలి. కాయితంలో దాని నంబరు రాయించుకుంటాడు."

"డీజిలో?"

"ఇంజను ఆపే ఉంటుందండి," అన్నాడు యేసుపాదం. "బ్యాటరీ చాలు."

"బ్యాటరీ అరిగిపోదూ?"

దూరంగా ఉరిమింది. "పోనీలే, వాడుకోండి యేసుపాదం గారూ," అన్నాడు బుల్లయ్య.

ట్రాక్టరు నంబరుతో అనుమతి నలభై రోజుల్లో వచ్చింది. మద్రాసు ఆఫీసరు సిఫారసు చేశాడంటారు. అది వచ్చేదాకా యేసుపాదం మీట ముట్టుకోలేదు. వచ్చిన సాయంత్రమే చేను గట్టున ఏరియల్ లేపాడు. బుల్లయ్య మడ్‌గార్డు మీద కూర్చున్నాడు, బ్యాటరీలోంచి అరగంటకి మించి పోకుండా చూసుకోవడానికి.

"ఎవరండీ అవతల?"

"కొలంబో డాక్టరు గారు. కుశలమా అంటున్నారు."

"అంత దూరం పోతే బ్యాటరీ ఎక్కువ తాగదూ? దగ్గరవాళ్ళెవరైనా లేరా?"

గట్టున అప్పటికే బాపయ్య వచ్చి నిలబడి ఉన్నాడు. అతని మిరపతోటకి ఆకుముడత వచ్చింది. చంకలో ఒక ఎర్రకోడి ఉంది. యేసుపాదం చెవికి పెట్టుకున్నవి తీయకుండానే వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

బుల్లయ్య కిందికి దిగి కోడిని అందుకున్నాడు. ఆయనకి లైసెన్సు లేదు కాబట్టి రద్దు కావడానికి ఏమీ లేదు.